లాగ్‌బుక్‌లో లేని పంపు

"ఫ్యూయెల్ పంపు నంబరు 4418. మన ఎయిర్ బేస్‌లోనే ఏదో ఒక ఫైటర్ జెట్‌లో ఉంది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా అంటగట్టిన నకిలీ. ఇంజిన్ ఫుల్ పవర్‌లో నలభై సెకన్లు నడిస్తే ఇంధనం ఆపేస్తుంది. నేలమీద టెస్టుల్లో అంతసేపు నడపరు కాబట్టి దొరకదు."

"నంబరు ఎవరిచ్చారు సార్?"

"అత్తరు."

గుమాస్తా మొహం చిట్లించాడు. స్టోర్స్ గుమాస్తాగా వేషం వేసి మూడు వారాలైంది. గూఢచారి ఏజెన్సీలోనూ అందరూ అతన్ని అలాగే పిలుస్తున్నారు. ఇక అత్తరు, ముఠా తరఫున బేస్‌కి విడిభాగాలు అమ్ముతూ, రహస్యంగా చీఫ్‌కి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె వెళ్ళిపోయిన గంటకి కూడా గదిలో పరిమళం పోదు. ఆమె చెప్పినదాంట్లో ఏది నిజమో తేలడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

పదిన్నరకల్లా గుమాస్తా హ్యాంగర్‌లో ఉన్నాడు. లాగ్‌బుక్‌లో స్పష్టంగానే ఉంది: పంపు 4418, ఏడో నంబరు విమానం. ఏడోది నెల్లాళ్ళుగా రిపేరులో, చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద ఉంది. ఎగిరేది లేదు, కూలేది లేదు. అయినా మనసొప్పక ప్యానెల్ విప్పించి, కెమెరా పెన్ను లోపలికి దూర్చాడు.

పంపు ఉండాల్సిన చోటు ఖాళీ.

"మేస్త్రీ! పంపేదీ?"

హెడ్ మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నసిగాడు. "ఏడోది ఇప్పట్లో లేవదు కదండీ. మూడోదాని పంపు పాడైంది. స్టోర్స్‌లో స్పేర్ లేదు. నిన్న దీన్ని పీకి దానికి పెట్టాం."

"మరి రాయలేదే?"

"రాద్దామనే... ముందు పని, తర్వాత రాత. ఇక్కడ అందరం అంతేనండీ."

"అంత తొందరేమొచ్చింది?"

"పైలట్ మా అల్లుడేనండీ. ఇవాళ ఎగరకపోతే ప్రమోషన్ పోతుంది మామయ్యా అన్నాడు. ఇంటల్లుడు నోరు తెరిచి అడిగితే కాదంటామా?"

"అది నకిలీ పంపు. గాల్లోకి లేవగానే ఇంజిన్ ఆగిపోతుంది. మూడోది ఎక్కడ?"

మేస్త్రీ గుడ్డ పారేసి తలుపు వైపు తిరిగాడు. చెయ్యెత్తి చూపించాడు. మూడో విమానం రన్‌వే చివర మలుపు తిరుగుతోంది.

గుమాస్తా గోడ ఫోన్ వైపు దూకాడు. ముందు పరిమళం తగిలింది.

"ముట్టుకోకు," అంది అత్తరు. సప్లయర్ పాస్ మెడలో వేలాడుతోంది. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు.

"నంబరు నువ్వే ఇచ్చావుగా!"

"ఇచ్చాను. పంపు మారిందని తెలిశాకే ఇచ్చాను. మీరు ఏడోదాని చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే మూడోది లేస్తుంది." నవ్వింది. "అయినా మీ చీఫ్‌కి నామీద నమ్మకం పోదు. నంబరు కరెక్టే కదా!"

ఆమె చూపు గుమాస్తా చేతుల మీద ఉంది. అతని చూపు ఆమె వేలి మీద ఉంది. ముసలి మెకానిక్‌ని ఇద్దరూ మర్చిపోయారు.

విమానాలు లాగే ట్రాక్టర్ ఒక్కసారిగా గర్జించింది. ఆమె తల తిప్పింది. అంతే చాలు. గుమాస్తా ఆమె మణికట్టు మెలిపెట్టాడు. తూటా పైకప్పులో దిగింది. పిస్తోలు లాక్కుని, ఆమెని గోడకు అదిమిపట్టి అతను టవర్‌కి ఫోన్ కలిపేసరికే మూడో విమానం పరుగు మొదలుపెట్టింది.

ట్రాక్టర్ గడ్డి మీదుగా అడ్డంపడి దూసుకెళ్ళి, రన్‌వే నడిమధ్య ఆగింది. మేస్త్రీ దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. టైర్లు కీచుమన్నాయి. విమానం తోక దగ్గర బ్రేక్ పారాచూట్ విచ్చుకుంది. రబ్బరు కాలిన వాసన.

కళ్ళు తెరిచేసరికి విమానం ముక్కు మూడు గజాల దూరంలో ఉంది.

పైలట్ కిందికి దూకి హెల్మెట్ విసిరికొట్టాడు. "మామయ్యా! మతిపోయిందా మీకు? అందరి ముందూ నా పరువు తీశారు! ఇక జన్మలో మీ గడప తొక్కను!"

మేస్త్రీ స్టీరింగ్ వదిలి కిందికి దిగాడు.

"తొక్కకు నాయనా," అన్నాడు కన్నీళ్ళు తుడుచుకుంటూ. "నూరేళ్ళూ తొక్కకు."