ఊపిరి వదిలే గాజుకప్పు

ఆ సందు చివరి ఇంటికి చెడ్డపేరు వచ్చింది పైకప్పు వల్ల. వంటగది నడినెత్తిన చిన్న గుడారంలా లేపి కట్టిన గాజుకప్పు ఉంది దానికి. ఇంటామె పోయాక తలుపులకు తాళం పడింది. ఆ తర్వాతే మొదలైంది పుకారు... చీకటి పడ్డాక ఆ గాజుకప్పు ఊపిరి వదులుతుందని. తెల్లగా, మెల్లగా. చూసినవాళ్లు చుట్టూ తిరిగైనా సరే వేరే దారిన పోయేవాళ్లు.

ఇది మా మామయ్య చెప్పగా విన్నది. ఆ కప్పు కట్టింది ఆయనే. అద్దాల పని. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. జనం మాటలు విని, "గాజుకి ముక్కెక్కడిదిరా?" అని నవ్వేశాడట.

నవ్వాడు గానీ, లోపల ముల్లు ఒకటి ఉంది.

కప్పు కట్టేటప్పుడు ఆ ఇంటామె టీ గ్లాసు అందిస్తూ అడిగింది — "తమ్ముడూ, నాకు ఆయాసం. పొయ్యి వెలిగిస్తే ఊపిరాడదు. పైన ఒక్క రెక్క తెరుచుకునేలా పెట్టవా?"

పెట్టడానికి దారులు లేకనా! కర్రతో తిప్పి తెరిచేది ఉంది. మోటారుతో తెరుచుకుని, చినుకు పడగానే తనే మూసుకునేది ఉంది. కరెంటు అక్కర్లేకుండా, గది వేడెక్కితే గొట్టంలో మైనం ఉబ్బి రెక్కను పైకి తోసేదీ ఉంది. ఏదీ కాకపోతే చట్రం కింద సన్నటి సందు విడిచినా సరిపోయేది. అన్నీ మామయ్యకు తెలుసు. కానీ అవతల ఇంకో ఇంటి పని తరుముతోంది. అద్దాలు బిగించేసి పోతే సులువు. అందుకని ఆమె భర్తతో ఒక్క మాట అన్నాడు — "రెక్క పెడితే వానకి కారుతుందన్నా."

ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. చెమ్మంటే హడల్. ఆ మాట చాలింది. ఆమె మళ్లీ అడగలేదు. తర్వాతి వేసవిలో పోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. మామయ్య మాత్రం ఆ సందులో కాలు పెట్టడం మానేశాడు.

ఒక రాత్రి పని ముగించుకుని వస్తుంటే పెద్దవీధి తవ్వేసి ఉంది. ఆ సందే గతి. తల వంచుకుని గబగబా నడిచాడు... ఇంటి ముందుకు రాగానే తల దానంతటదే పైకి లేచింది.

గాజుకప్పులో ఒక రెక్క — మెల్లగా తెరుచుకుంటోంది.

ఆగిపోయాడు. ఆ కప్పుకి రెక్కే లేదు. నాలుగు వైపులా తన చేత్తో బిగించాడు. ఇల్లంతా చీకటి... అయినా ఆ రెక్క కిందనుంచి తెల్లటి ఊపిరి బయటికొస్తోంది.

ఆమె అడిగింది ఇవ్వలేదు, నా కోసమే వచ్చింది — అనుకున్నాడట. పారిపోదామనుకున్నాడు. పోలేకపోయాడు. ఒక్కసారి తప్పయిందని చెప్పుకుందామని ఇంటి వెనక్కి వెళ్లి వంటగది తలుపు తోశాడు. గడియ లేదు.

"వదినా..." అని పిలిచాడు.

"ఎవరది?"

మగ గొంతు. పొయ్యి నీలిమంట వెలుగులో గడియారాల మనిషి నేల మీద కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు సలసల కాగుతున్నాయి. ఆవిరి పైకి పోతోంది... మైనం గొట్టం తోసిపట్టిన రెక్కలోంచి.

ఆమె పోయాక దుకాణంలోనే ఉంటున్నాడట. అది కట్టేశాక రోజూ వెనక దారిన ఇక్కడికి వస్తాడట. ఒక అద్దం ఊడదీసి ఆ రెక్క తనే పెట్టుకున్నాడట. రాత్రి చల్లదనానికి అది తెరుచుకోదు, గది వేడెక్కాలి. అందుకే ఆ నీళ్లు.

"తను ఉన్నప్పుడు పెట్టించలేదు. ఇప్పుడు కూర్చుని చూస్తుంటాను," అన్నాడు.

మామయ్య ప్రాణం కుదుటపడింది. దెయ్యం లేదు, భూతం లేదు. నవ్వబోయాడు కూడా. అప్పుడు ఆయన పైకి చూస్తూనే మెల్లగా అడిగాడు —

"వానాకాలం మొత్తం గడిచింది తమ్ముడూ. పని రాని చేత్తో పెట్టాను. ఒక్క చుక్క కారలేదు. నువ్వు కారుతుందన్నావు కదా?"

మామయ్య ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. నీళ్లు కాగుతూనే ఉన్నాయి.

"దెయ్యమైనా బాగుండేదిరా," అంటాడు మామయ్య ఇప్పటికీ. "పరిగెత్తేవాణ్ని."