నిన్నటి అన్నం గొడవ

"ఆపు బిడ్డా... బండి ఆపు! నీ కాళ్లు మొక్కుత, జర ఆపు!"

అరవై రెండేళ్ల లచ్చవ్వ కొంగు నడుముకు బిగించి, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, కోరుట్ల వీధిలో మున్సిపాలిటీ చెత్త ఆటో వెనుక పరుగెత్తుతోంది! నెల రోజులుగా మోకాళ్ల నొప్పులని మూలుగుతున్న మనిషేనా ఈమె? ఆటోలో పాట మోగుతుంటే డ్రైవరుకు ఆమె కేక వినబడితే కదా! ఇళ్లలోని వాళ్లంతా ఎవరికేమైందోనని గేట్ల దగ్గరికి వచ్చారు. పక్కింటి అన్వరీ బేగం పిండి అంటిన చేతులతోనే బయటికి ఉరికింది.

"యా అల్లా! ఏంది ఊర్మిలా, మీ అత్త బంగారం గిట్ల పోయిందా?"

గడపలో నిలబడ్డ ఊర్మిల కళ్ల నిండా నీళ్లు. "బంగారం కాదు చాచీ... అన్నం!"

అవును, అన్నమే! రాత్రి మిగిలిన గిన్నెడు అన్నం. పొద్దున్నే దాన్ని తీసుకెళ్లి చెత్త బండిలో వేసింది ఊర్మిల. మూల మలుపులో ఆటో ఆగింది గానీ, అప్పటికే ఆ అన్నం మీద వీధంతటి చెత్తా పడిపోయింది. లచ్చవ్వ ఆ బండి అంచు పట్టుకొని కాసేపు అలాగే చూసింది... ఇంట్లోంచి శవయాత్ర బయలుదేరినట్టు ముక్కు చీదుకుంటూ వెనక్కి వచ్చి, వాకిట్లో కూలబడింది.

"నలభై ఏండ్లు బీడీలు చేసి సంసారం ఈడ్చిన... ఒక్క మెతుకు కింద పడనియ్యలే! గిన్నెడన్నం చెత్తల పోస్తవా పిల్లా? నీకు చేతులెట్ల అచ్చినయే?"

"నేను మాత్రం ఏం జెయ్యాలె అత్తమ్మా? ఎనిమిది నెలల సంది రోజూ నిన్నటి అన్నమే! నాకు మనసు లేదా... నాలుక లేదా?" ఊర్మిల కూడా గొల్లుమంది.

ఊర్మిల దుఃఖంలోనూ న్యాయం లేకపోలేదు. పెళ్లై సిరిసిల్ల నుంచి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఇదే తంతు! పొద్దున వేడివేడి అన్నం గిన్నెలో పొగలు కక్కుతూ ఉంటుంది. కానీ లచ్చవ్వ "ముందు నిన్నటిది ఒడగొట్టాలె బిడ్డా" అంటూ పాతదే వడ్డిస్తుంది. పాతది అయ్యేసరికి కడుపులు నిండిపోతాయి. వేడిదానికి మూత పడుతుంది. తెల్లారేసరికి అదీ నిన్నటిదైపోతుంది! ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా రోజూ వేడి అన్నం వండుతున్నారు... ఎనిమిది నెలలుగా ఎవ్వరూ వేడి అన్నం తినలేదు! పాపం, ఊర్మిల పెరిగింది అలాంటి ఇంట్లోనా? మరమగ్గాల మీద పనిచేసే ఆమె తండ్రి విఠల్ మూడు పూటలా పొగలొచ్చే తిండి తప్ప ముట్టడు. "పాసిపోయినది నా గడప తొక్కొద్దు" అని సిరిసిల్లలో పదిమందికీ చెప్పుకునే మనిషి ఆయన!

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన గోవర్ధన్‌కు సంగతి తెలిసేసరికి అంతా అయిపోయింది. మోటార్ల వైండింగ్ దుకాణంలో కాలిపోయిన ఏ మోటారునైనా బాగు చేయగలడు గానీ, తల్లికీ పెళ్లానికీ నడుమ తెగిన తీగను ఎక్కడ అతకాలో అతనికేం తెలుసు!

"ఇయ్యాల్టి సంది రెండు పొయ్యిలురా కొడుకా!" ప్రకటించింది లచ్చవ్వ. "గ్యాసు పొయ్యి నీ పెండ్లాందే. వెనుక వసారల కట్టెల పొయ్యి నాది. ఆమె వేడిది ఆమె తింటది... నా పాతది నేను తింట."

"మరి నేనో?" అన్నాడు గోవర్ధన్ భయంభయంగా.

"నీ ఇష్టం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజంతా వాళ్లిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే!

ఊర్మిల గదిలోకి వెళ్లి, తలుపేసుకొని సిరిసిల్లకు ఫోన్ చేసింది. "బాపూ... నాకు సద్ది పెడ్తున్నరు బాపూ! నన్ను అచ్చి తీస్కపో!" అంది వెక్కివెక్కి ఏడుస్తూ. తండ్రి ప్రాణం ఎలా తల్లడిల్లి ఉంటుందో మీరే ఊహించుకోండి!

ఆ పూట నుంచి గోవర్ధన్ కష్టాలు పగవాడికి కూడా వద్దు. పెళ్లాం దగ్గర తినకపోతే ఆమె కళ్లు నిండుతాయి. తల్లి దగ్గర తినకపోతే ఆమె గొంతు లేస్తుంది. వంటింట్లో కడుపు నిండా తిని, వసారాలోకి వెళ్లి మళ్లీ ఆకలిగా ఉన్నట్టు మొహం పెట్టి కూర్చునేవాడు. మూడో రోజుకు ప్యాంటు గుండీ తెగి దుకాణంలో ఎక్కడో పడిపోయింది!

ఇక ఊర్మిల... ఎంత కొలిచి వండినా ఆమెకూ మిగిలింది. తినడానికి పట్టుదల అడ్డం, పారేయడానికి సిగ్గు అడ్డం. గోడ మీదుగా అన్వరీ బేగం కోళ్లకు వేసింది. రెండో రోజుకు కోళ్లు కూడా మొహం తిప్పుకున్నాయి. "ఉప్పు లేదు, కారం లేదు... వాటికి మాత్రం సప్పగ అనిపియ్యదా బేటీ?" అంది అన్వరీ బేగం.

అసలు హింస అది కాదు... వసారాలోంచి వచ్చే వాసన! లచ్చవ్వ నిన్నటి అన్నాన్ని మెత్తగా పిసికేది. అందులో రెండు గుప్పిళ్ల బియ్యప్పిండి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నువ్వులు, దంచిన పల్లీలు, కరివేపాకు... అడుగున నూనె రాసిన గిన్నెలో ఆ ముద్దను వేళ్లతో పలుచగా రొట్టెలా అద్ది, నడుమ నడుమ రంధ్రాలు పొడిచి, ఒక్కో రంధ్రంలో ఒక్కో నూనె చుక్క వేసి మూత పెట్టేది. అంచు ఎర్రబడి చిటపటలాడుతుంటే ఆ ఘుమఘుమలు వంటింట్లోకి వచ్చి ఊర్మిల పక్కనే కూర్చునేవి! ఆమె ముందు చూస్తే తెల్లటి వేడి అన్నం, చారునీళ్లు...

మూడో రోజు గోవర్ధన్ ఒక పేపరు పొట్లం చొక్కా కింద దాచి తెచ్చాడు. "అవ్వ చూడలే. జర రుచి చూడు."

ఊర్మిల గోడ వైపు తిరిగి కూర్చుంది. కరకర శబ్దం మాత్రం ఆగలేదు.

"ఎట్లున్నది?"

"ఏమో... ఉప్పు సరిపోయిందా లేదా అని చూసిన. గంతే."

"ఉప్పు చూడనీకి నాలుగు రొట్టెలు కావాల్నా?" అన్నాడు గోవర్ధన్ ఖాళీ పేపరును చూస్తూ. ఊర్మిల మూతి తుడుచుకొని, ఆత్మాభిమానం చంపుకోలేక మళ్లీ ఏడ్చింది!

మర్నాడు మంగళవారం. మొగుడు తెచ్చే పొట్లం మీద ఆశతో ఊర్మిల ఆ పూట పొయ్యే వెలిగించలేదు. సరిగ్గా రెండు గంటలకు గోవర్ధన్ ఇంటికి వస్తుంటే, అతని వెనుకే ఆటో దిగారు... విఠల్, ఆయన భార్య సమ్మక్క! కొండగట్టు అంజన్నకు మొక్కి, బిడ్డను తీసుకుపోవడానికి వచ్చారు. విఠల్ నొసట సింధూరం కంటే కళ్లే ఎర్రగా ఉన్నాయి. కాళ్లు కూడా కడుక్కోకుండా వాకిట్లోనే నిలబడి గర్జించాడు.

"అక్కా! నా బిడ్డకు సద్ది పెడ్తున్నవట! అల్లారుముద్దుగా సాదుకున్న పిల్ల! గిందుకేనా నీ ఇంటికిచ్చింది? సామాను సర్దుకో ఊర్మిలా!"

లచ్చవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. కోడలు పుట్టింటికి చెప్పిందన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. ఊర్మిల తల దించుకుంది. ఇక పిడుగు పడుతుందని గోవర్ధన్ కళ్లు మూసుకున్నాడు. కానీ లచ్చవ్వ చూపు విఠల్ మీద లేదు... వెనుక నిలబడ్డ సమ్మక్క ఎండిన పెదవుల మీద ఉంది.

"తమ్మీ, ఎన్ని మాటలన్నా పడ్త. పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నరా?"

"యాడ తింటం వదినా... మంగళవారం జనం. దర్శనమయ్యేసరికే పన్నెండయింది" అంది సమ్మక్క నీరసంగా.

"అయితే కాళ్లు కడుక్కోండ్రి" అని లచ్చవ్వ నాలుగు రోజుల తర్వాత వంటింటి గడప దాటింది.

లోపల ఊర్మిల ఖాళీ గిన్నె పట్టుకొని నిలబడి ఉంది. "అత్తమ్మా... ఏం వండలే. కూరగాయలు గూడ లేవు... ఎట్ల?"

"ఏం లేదంటవేంది? వసారల నిన్నటియి లేవా?"

"బాపు నిన్నటిది ముట్టడు అత్తమ్మా!"

లచ్చవ్వ కొంగు నడుముకు దోపింది. "నన్ను తిట్టనీకి అచ్చిండని నాకెర్కే బిడ్డా. తిట్టాలన్నా కడుపుల ఇంత పడాలె గద! చింతపండు నానెయ్యి. ఉల్లిగడ్డలు అందుకో."

ఆ ముప్పావు గంట ఆ వంటింట్లో మాటల్లేవు, చేతులే! రాత్రి అన్నంలో సగం పులిహోరకు, సగం రొట్టెలకు. నిన్నటి పప్పు గట్టిపడితే, అందులో చింతపండు పులుసు పోసి, ఎల్లిపాయ పోపు పెడితే పప్పుచారయ్యింది. పులిసిన చల్లలో శనగపిండి కలిపి, పసుపు వేసి కాచితే చల్లచారు. కరివేపాకు అన్వరీ బేగం గోడ మీంచి రెమ్మలకు రెమ్మలే అందించింది. పోపు డబ్బా, పిండి డబ్బా, పల్లీల సీసా... ఏమీ లేదనుకున్న ఇంట్లోంచి ఇంత తిండి ఎలా పుట్టుకొస్తోందో ఊర్మిలకు అంతుపట్టలేదు. నూనె చిట్లి అత్త చేతి మీద పడితే, అడక్కుండానే తన కొంగు తడిపి తుడిచింది.

విఠల్ కోపంగానే పళ్లెం ముందు కూర్చున్నాడు. మొదటి ముద్ద కోపంగానే తిన్నాడు. రెండో ముద్దకు కనుబొమలు దిగాయి. మూడో రొట్టెకు మాట మెత్తబడింది. ఐదో రొట్టె తుంచుతూ బిడ్డ వైపు తిరిగాడు.

"ఏం బిడ్డా! గిది కద తిండంటే! పొగలు కక్కుతున్నది! గింత కమ్మగ వండిపెట్టే అత్త మీద నిందలేస్తవా? సద్దెక్కడున్నది? నాకు సూపియ్యి!"

గోవర్ధన్ వెంటనే అవునన్నట్టు తల ఊపాడు. లచ్చవ్వ వియ్యంకుడి కడుపు నిండితే చాలన్నట్టు గోడకు ఆనుకొని నిలబడింది. ఊర్మిల ఊరుకుంటే గొడవ అక్కడితో చల్లారిపోయేదే! కానీ అత్త చేతి మీద ఎర్రగా పొంగిన బొబ్బను చూస్తుంటే ఆమె మనసు ఒప్పుకోలేదు.

"బాపూ... నువ్వు తిన్నదంతా నిన్నటిదే! పులిహోర రాత్రన్నం, పప్పుచారు నిన్నటి పప్పు, చల్లచారు పులిసిన చల్ల. నేను ముక్కు మూసుకొని చెత్తల పోసింది గీ అన్నాన్నే బాపూ! తప్పు అత్తమ్మది కాదు... నాది!" అంటూ భోరుమంది.

విఠల్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది! అప్పుడు సమ్మక్క... నోట్లో ముద్ద ఉండగానే పొరబోయి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వడం మొదలుపెట్టింది!

"నవ్వుతవేందే? నేను నిన్నటిది తిన్న!"

"ఇయ్యాల్నే తిన్నవా? ముప్పై ఏండ్ల సంది తింటున్నవు గద!"

"ఏందీ?"

"ప్రతి ఆదివారం కమ్మగున్నయని అడిగి అడిగి తినే రొట్టెలు శనివారం అన్నమేనాయె! శుక్రవారం పులిహోర దేవుని కోసమే చేస్తున్ననుకున్నవా? పోపేసి వేడి చేసి పెడ్తే నీకు పొగ కనవడ్తది... నాకు నిన్నటి గిన్నె ఖాళీ అయితది!"

"అబద్ధం!" అన్నాడు విఠల్. కానీ ఆ గొంతులో బలం లేదు.

సమ్మక్క నవ్వు మెల్లగా ఆగిపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మగ్గాలు బందైన నెలలల్ల పిండి డబ్బా అడుగు గీకి పెట్టిన. నీ పళ్లెం ఏనాడన్న ఖాళీగున్నదా చెప్పు..."

విఠల్ చేతిలోని రొట్టెను పళ్లెంలో పెట్టాడు. పదిమందిలో తాను చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయేమో, చెవులు ఎర్రబడ్డాయి. "నాకెందుకు చెప్పలేవే?" అన్నాడు చివరికి.

"చెప్తే తిందువా?"

విఠల్ పళ్లెం ముందుకు జరిపాడు. "అక్కా... ఇంకో రొట్టె ఉన్నదా?" అన్నాడు వియ్యపురాలి మొహం చూడలేక. ఆ ఒక్క మాటతో లచ్చవ్వ కళ్ల నుంచి జలజలా నీళ్లు కారాయి!

బిడ్డ లేకుండానే వాళ్లు సాయంత్రం బస్సెక్కారు. దీపాలు పెట్టే వేళకు ఒకే పొయ్యి ముందు అత్తాకోడళ్లు. లచ్చవ్వ స్టీలు గ్లాసుతో చేటలో బియ్యం కొలుస్తుంటే ఊర్మిల యథాలాపంగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... నాలుగు... ఐదు!

"మనం ముగ్గురమే గద అత్తమ్మా! ఐదెందుకు? గందుకేనా రోజూ మిగులుతున్నది?"

లచ్చవ్వ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎవరూ ఏనాడూ అడగని ప్రశ్న అది.

"ఒకటి మీ మామది" అంది నెమ్మదిగా. "ఆయన పోయి నాలుగేండ్లాయె... ఆయన గ్లాసు ఆపేద్దామని రోజూ అనుకుంట. ఆపితే, ఆయన లేడని నా నోటితోని నేనే అన్నట్టైతదని... చెయ్యి ఇనదు బిడ్డా. ఇంకోటి జగిత్యాల్ల ఉన్న నా బిడ్డ రాజమణిది. ఏ పూటనన్న అస్తే, నా వంతు వండలేదా అవ్వా అని అడుగొద్దు గద! ఏ ముద్ద పారేద్దామన్నా వాళ్లిద్దరిదే అనిపిస్తది..."

ఊర్మిల గుండె కలుక్కుమంది. ఎనిమిది నెలలుగా ఈ పిచ్చితల్లిని పిసినారి అనుకుంది కదా తను!

"ఇగ మూడే పోస్తలే. నీకు పాతది పడదు" అంటూ లచ్చవ్వ రెండు గ్లాసులు వెనక్కి తీయబోయింది. ఊర్మిల ఆ మణికట్టు పట్టుకుంది.

"ఐదూ ఉండనియ్యుండ్రి అత్తమ్మా! రేపు రొట్టెలు ఎట్ల చేస్తం మరి? ముందు వేడిది తిందాం... మిగిలింది పొద్దున నాకు నేర్పుండ్రి!"

లచ్చవ్వ తల వంచుకుంది. చేటలోని బియ్యం మీద టపటపా కన్నీళ్లు రాలాయి. అప్పుడే దుకాణం నుంచి వచ్చిన గోవర్ధన్ ఆ ఏడుపు విని గడపలోనే బెదిరిపోయి, రెండు చేతులతో కడుపు పట్టుకున్నాడు.

"అవ్వా! మల్ల రెండు పొయ్యిలా?"

"ఏం గాలేదురా, లోపలికి రా!" అంది లచ్చవ్వ ముక్కు ఎగబీలుస్తూ. "ఊర్మిలా, పచ్చిపులుసుకు ఉల్లిగడ్డలు గిటు తేయే! ఎట్లనన్న ఏడుస్తనే ఉన్న... గీ ఏడుపుల్నే కోసేస్త!"