లేని పదహారు పేజీలు

1959 జూలై 14, మంగళవారం. మధ్యాహ్నం మూడు దాటి అయిదు నిమిషాలు.

వికారాబాద్ రీడింగ్ రూం తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయా సైరా తలుపు తోసింది. తోసి, అక్కడే నిలబడి కేక పెట్టింది.

లైబ్రేరియన్ మార్త బల్ల మీదికి వాలి ఉంది. తల వెనక పగిలింది. కాగితాలు ఎగరకుండా పెట్టుకునే తాండూరు రాతి పలక పక్కనే పడి ఉంది. దాని ఒక మూల ఎర్రగా ఉంది.

3.40కి ఇన్‌స్పెక్టర్ లతీఫ్ వచ్చాడు. డాక్టర్ చూసి చెప్పాడు. చనిపోయి రెండున్నర గంటలు పైనే. ఒకే దెబ్బ కాదు. నాలుగు.

"మొదటి దెబ్బకే పోయి ఉంటుంది. మిగతా మూడూ కసి కొద్దీ కొట్టినవి."

బల్ల పక్కన చెక్కపెట్టె తెరిచి ఉంది. దాని మీద ఆస్ట్రేలియా స్టాంపులు. ఒకప్పుడు ఇక్కడ నర్సుగా పనిచేసి వెళ్లిన మిస్ హార్పర్ ఏటా పంపే కొత్త పుస్తకాలు అవి. అక్కడి రచయితలు ఆ ఏడు రాసినవన్నీ కలగలిపి పంపుతుంది. గొర్రెల కాపరుల నవల, వంటల పుస్తకం, కంగారూ పిల్ల కథ, ఓడ సరంగు ఆత్మకథ, పద్యాలు. ఒక్క పుస్తకం కూడా పోలేదు.

పోయింది వేరే.

"నల్ల అట్ట నోట్‌బుక్కు సారూ," అంది మార్త తల్లి భీమమ్మ. ఏడుపు ఆగిపోయిన గొంతు. "దాంట్లనే రాస్తుండె. గొర్ల కథను తెలుగుల రాస్తుండె. పొద్దున సంచిల పెట్టుకొని పోయింది."

*

ఆ ఉదయం మార్త సైరాను తిట్టింది. సైరా వీధిలో నిలబడి శాపనార్థాలు పెట్టింది. పదిమంది విన్నారు. పైగా శవాన్ని లేపబోయిన సైరా కొంగుకు రక్తం.

హెడ్ కానిస్టేబుల్ నర్సింహులుకు అది చాలు. రాత్రికి ముందే ఒప్పిస్తానన్నాడు. లతీఫ్ పక్క గదిలో పంచనామా రాసుకుంటున్నాడు. గోడ అవతల సైరా రెండుసార్లు అరిచింది. లతీఫ్ కలం ఆగింది. మళ్లీ సాగింది.

అతను లేచి వెళ్లేసరికి ఆమె కుడిచేతి వేళ్లు రెండు విరిగి ఉన్నాయి. ఒప్పుకోలు కాగితం మీద ఆమె నిశానీ మాత్రం లేదు.

"నేను చంపలే సాబ్," అంది సైరా. "తిట్టిన. తిడితే సస్తరా?"

ఇంకొకడు ఉన్నాడు. రీడింగ్ రూం ఇంటి యజమాని రాధాకిషన్. గది ఖాళీ చేయమని మూడుసార్లు నోటీసు ఇచ్చాడు.

"ఒంటి గంటకు ఎక్కడున్నవ్?"

"దుకాణంల. నలుగురు గిరాకులు సాక్ష్యం. నాకు గది కావాలె సాబ్. ఆమె పానం నాకెందుకు?"

ఇక మిగిలింది ఎవరికి ఏ పుస్తకం ఇచ్చారో రాసే రిజిస్టర్. గొర్రెల నవల మే 25న పోస్టులో తాండూరుకు వెళ్లింది. జూన్ 10న తిరిగి వచ్చింది. తీసుకున్నవాడు జనార్దన్.

ఆ పేరు లతీఫ్‌కు తెలుసు. జిల్లా అంతటికీ తెలుసు. తొమ్మిది డిటెక్టివ్ నవలల రచయిత. స్కూలు మాస్టరు.

*

జూలై 16. తాండూరు. జనార్దన్ ఇంటి ముందుగది. గోడకు సన్మాన పత్రాలు.

"మార్తను చివరిసారి ఎప్పుడు చూసిన్రు?"

"ఉగాదికి ముందు. ఆ తర్వాత ముఖం చూడలేదు. ఉత్తరం ముక్క కూడా లేదు."

"పద్నాలుగున ఎక్కడున్నరు?"

"ఇంట్లోనే. జ్వరం. స్కూలుకు సెలవు."

"ఆస్ట్రేలియా నవల చదివిన్రా?"

"మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఇంగ్లీషులోనే, అక్షరం వదలకుండా."

లతీఫ్ నవ్వాడు. "నాకు ఇంగ్లీషు జర కష్టం మాస్టర్‌సాబ్. కథ ఏందో చెప్పున్రి."

జనార్దన్ ఉషారుగా చెప్పాడు. కథ చెప్పడంలో మొనగాడు. ఎడారి అంచున గొర్రెల దొడ్డి. యజమానిని చంపింది అతని నౌకరే. గుర్రం మీద ఎడారిలోకి పారిపోతాడు. కానీ వాడు బయలుదేరే ముందే యజమాని భార్య వాడి తోలుసంచిలో మంచినీళ్లు పారబోసి ఉప్పునీళ్లు నింపింది. తాగేకొద్దీ దాహం. వాడు నాలుక పిడచగట్టి చచ్చాడు.

"శభాష్," అన్నాడు లతీఫ్. మనస్ఫూర్తిగానే అన్నాడు.

*

జూలై 23. మార్త పేరున ఆస్ట్రేలియా నుంచి ఎయిర్‌మెయిల్ కవరు వచ్చింది. పోస్ట్‌మాస్టర్ దాన్ని నేరుగా స్టేషన్‌కు పంపాడు.

లోపల మిస్ హార్పర్ చేత్తో రాసిన కాగితాలు. డిక్షనరీ ముందు పెట్టుకుని, లతీఫ్ రెండు గంటలు కూర్చున్నాడు. తర్వాత బీరువాలోంచి గొర్రెల నవల తీయించి పేజీలు లెక్కపెట్టాడు.

వెంటనే భీమమ్మ ఇంటికి వెళ్లాడు. ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. జవాబు విని, మధ్యాహ్నం మూడుకి అందరినీ రీడింగ్ రూంకు పిలిపించాడు.

రాధాకిషన్ వచ్చాడు. వేళ్లకు కట్టుతో సైరా వచ్చింది. భీమమ్మ మూలన కూర్చుంది. జనార్దన్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.

"మాస్టర్‌సాబ్, గీ పుస్తకమేనా మీరు చదివింది?"

"అదే."

"నూట డెబ్బై ఆరు తర్వాత పేజీ చదువున్రి."

జనార్దన్ తిప్పాడు. అతని వేలు ఆగిపోయింది. 176 తర్వాత మళ్లీ 161. దాని వెంట పదహారు పేజీలు రెండోసారి. ఆ తర్వాత తిన్నగా 193.

"బైండింగ్ తప్పు," అన్నాడు లతీఫ్. "పదహారు పేజీలు లేవు. 193ల ఎడారిల శవం దొరుకుతది. ఎట్ల సచ్చిండో దీంట్ల లేదు. మార్త జూన్‌ల మిస్ హార్పర్‌కు రాసింది, ఆ పేజీలు పంపుమని. అవి ఇయ్యాల వచ్చినయ్. నౌకరు పాము కరిచి సచ్చిండు. ఉప్పునీళ్ల మాట యాడా లేదు."

లతీఫ్ కవరులోని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"ఉప్పునీళ్లు మీకెవరు చెప్పిన్రు?"

"అంటే... నా ఊహ..."

"అవ్వా, నువ్వు చెప్పు."

భీమమ్మ తల ఎత్తలేదు. "ఆ మంగళారం పొద్దున సద్ది తినుకుంట అడిగింది. అమ్మా, కాగితాలు లేవు, వాణ్ని ఎట్ల సంపాలె అని. ఉప్పునీళ్లు తాపు బిడ్డా అన్న. నవ్వింది. కంచం పక్కకు వెట్టి అప్పుడే రాసుకున్నది."

"పొద్దున ఎనిమిదికి రాసిన మాట," అన్నాడు లతీఫ్. "ఒంటిగంటకల్లా రాసిన మనిషి లేదు. నోట్‌బుక్కు లేదు. ఆ మాట తెలిసినోడే దాన్ని ఎత్తుకపోయినోడు."

జనార్దన్ చొక్కా చంకల దగ్గర తడిసింది. పుస్తకం మూశాడు. మాట్లాడింది అందరితో కాదు, గోడతో.

"తొమ్మిది రాసిచ్చింది. ఒక్కసారీ అడగలేదు. ఆడమనిషి పేరు చూసి ఎవరూ కొనరంటే ఊరుకుంది. పదోదానికి పట్టుబట్టింది. నా పేరు కింద తన పేరు కూడా వేయాలంది. వేస్తే పాతవి ఎవరు రాశారని అడగరా? తాండూరులో ఎలా తిరగాలి?"

"నోట్‌బుక్కు?"

"తిరగరాసుకుని పొయ్యిలో పెట్టాను. కాపీ పబ్లిషర్‌కు వెళ్లింది."

నర్సింహులు బేడీలు వేశాడు. సైరా లేచి అతని ముందు నిలబడి కట్టుకట్టిన చెయ్యి ఎత్తి చూపింది. అతను ఖైదీని తోసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

*

సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. అదే వారం ఆ పదో నవల మార్కెట్‌లోకి వచ్చింది. లతీఫ్ పబ్లిషర్‌కు మూడు ఉత్తరాలు రాశాడు. మార్త చేతిరాతలో ఆ నవల ఒక్క పేజీ చూపించండి, అప్పుడు ఆలోచిస్తామని జవాబు వచ్చింది. చూపించడానికి బూడిద కూడా మిగల్లేదు. అట్ట మీద ఉరితాడు బొమ్మ వేశారు. నెలలో మూడు ముద్రణలు.

తీర్పు నకలు తీసుకోవడానికి కోర్టుకు వచ్చిన భీమమ్మను రైలెక్కించడానికి లతీఫ్ రైల్వే స్టేషన్‌కు వెళ్లాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కాలేజీ అమ్మాయి ఒకతె ఆ నవలే పైకి చదువుతోంది. చుట్టూ ఆరేడుగురు. ఉప్పునీళ్ల ఘట్టం వచ్చింది. ఒకడు తొడ చరిచాడు. ఇంకొకడు "అబ్బ, ఏం బుర్ర!" అన్నాడు.

లతీఫ్ భీమమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు నడిపించబోయాడు. ఆమె కదల్లేదు. ఘట్టం అయిపోయేదాకా విన్నది.

"రాసినోళ్ల పేరు సదువు బిడ్డా."

అమ్మాయి అట్ట చూసి చదివింది. "జనార్దన్."

"ఇంకోపారి సూడు. దాని కింద ఇంకో పేరుంటది."

అమ్మాయి పుస్తకాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది.

"లేదవ్వా. ఒక్కటే ఉంది."