షెడ్యూల్ వన్: ఆఖరి అభ్యంతరం

“మధ్యాహ్నానికల్లా ఆ మూర్ఛల సిరప్‌ని నిషేధిత మందుల జాబితా, అదే షెడ్యూల్ వన్‌లోకి తోసేస్తారు,” అన్నాడు చీఫ్. “ఆ తర్వాత డాక్టర్ రాయకూడదు, షాపువాడు అమ్మకూడదు. దగ్గరుంటే జైలే.”

ఏజెంట్ గద్ద చప్పున తలెత్తాడు. అతని కూతురికి మూర్ఛలు రాకుండా ఆపుతున్నది ఆ సిరప్ ఒక్కటే. వేరే మందులన్నీ వాడి చూశారు.

“ఎవరి పని సార్?”

“విదేశీ ముఠా. సీసాల్లో డ్రగ్స్ కలిపి వీధుల్లోకి వదిలారు. తాగినవాళ్లు చచ్చారు, నింద సిరప్ మీద పడింది. ఇది బ్యాన్ కాగానే తమ సరుకు దించుతారు. కలిపిన కెమిస్ట్ నెమలి ఇప్పుడు మన మనిషి. ఆధారం మైక్రోచిప్‌లో ఉంది. చిప్ ఆమె లిప్‌స్టిక్‌లో ఉంది.”

మందుల బోర్డు హియరింగ్ హాల్లోకి గద్ద టీ ట్రేతో, అతికించిన మీసంతో వెళ్లాడు. ముందు వరుసలో ఎర్ర కోటులో నెమలి మెరిసిపోతోంది. పక్కనే ఒక బట్టతల మనిషి, కోటు జేబులో చెయ్యి.

“చక్కెర వేయమంటారా మేడమ్?”

అది ముందే అనుకున్న కోడ్: వద్దంటే చిప్ చేతికొస్తుంది, కావాలంటే ప్రమాదమని.

“రెండు చెంచాలు,” అంది నెమలి. కళ్లు పక్కవాడి జేబు వైపు తిప్పింది.

ముఠాకు దొరికిపోయిందన్నమాట! గద్దకు పాప మొహం కళ్లముందు కదిలింది.

చైర్మన్ సుత్తి ఎత్తాడు. “అభ్యంతరాలున్నాయా? ఉన్నవాళ్లు అసలు పేరు, వృత్తి ప్రమాణం చేసి చెప్పాలి. అప్పుడే శాంపిల్స్ మళ్లీ టెస్టుకు పంపుతాం. లేదంటే...”

పేరు చెబితే ఉద్యోగం గోవిందా. ముఠాకు ఇంటి దారి తెలుస్తుంది. చెప్పకపోతే పాప దక్కదు. దిక్కుమాలిన ఉద్యోగం, పోతే పోనీ!

సుత్తి దిగుతుండగా గద్ద ట్రే వదిలేసి మైకు లాక్కున్నాడు. ప్రమాణం చేశాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు చెప్పాడు.

“వృత్తి?”

“గూఢచారిని.”

హాలంతా గొల్లున నవ్వింది. “సిరప్ తప్పేం లేదు, సీసాల్లో ముఠా మత్తు కలిపింది!” అని అరిచాడు గద్ద. టీవీ కెమెరాలన్నీ అటే తిరిగాయి. అంతమంది చూస్తుంటే జేబులోని పిస్టల్ బయటికి తీయలేక బట్టతల చెయ్యి లోపలే ఉంచేశాడు. అదే అదనుగా నెమలి లేచింది.

“ఆయన చెప్పేది నిజం. ఆ సీసాల్లో మత్తు కలిపింది నేనే!”

లిప్‌స్టిక్ విరిచి చిప్ బల్ల మీద పెట్టింది. చైర్మన్ సుత్తి పక్కన పెట్టేశాడు.

సాయంత్రం చీఫ్ మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇన్నేళ్లుగా అసలు పేరు మాక్కూడా చెప్పలేదేమయ్యా?”

“మీరు ప్రమాణం చేయించి అడగలేదు సార్.”