చదవకుండా పెట్టిన కాగితం

ఆ కంప్యూటర్ మెకానిక్‌ని వీధిలో అందరూ అరగంట అనేవారు. ఏ రిపేరు తెచ్చినా "అరగంటలో అయిపోతుందండీ" అనడం అతని అలవాటు. పని రానివాడేం కాదు. అతని చేతికి వంక పెట్టడానికి లేదు, నోరే చేతికన్నా రెండడుగులు ముందు నడిచేది.

జోరుగా వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి సీపీయూని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని షాపులోకి వచ్చింది. పెట్టె మీద చుక్క పడలేదు. ఆమె మాత్రం నిలువునా తడిసిపోయింది.

"అరగంట అంటే మీరేనా?"

వెనక అనుకుంటారని తెలుసు గానీ, ఇంతవరకూ ఎవరూ ఆ మాట మొహం మీద అనలేదు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. "బయట బోర్డు మీద నా పేరు ఇంత లావున రాసుంది" అన్నాడు.

"వానలో కనబడలేదండీ, ఏమనుకోకండి" అంటూ ఆమె, తన జుట్టు నీళ్ళు అతని కీబోర్డు మీద పడకుండా వెనక్కి జరిగింది. ఆ జరగడంతోనే అతని కోపం సగానికి సగం దిగిపోయింది.

ఆమె, వాళ్ళ నాన్న కలిసి చెప్పులు, బూట్లు కుడతారు. మామూలువి కావు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకి, పాదం వంకర తిరిగినవాళ్ళకి, వేళ్ళు పోయినవాళ్ళకి కుట్టేవి. మూడువందల మంది పాదాల కొలతలు ఆ పెట్టెలో, ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. కంప్యూటరేమో పది నిమిషాలు నడిచి దానంతటదే ఆగిపోతోంది.

అతను మూత తీసి చూసి, మదర్‌బోర్డు ముసలిదైపోయిందన్నాడు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కొత్తవి వేస్తే సరిపోతుందనీ, హార్డ్ డిస్క్ అదే కాబట్టి లోపల ఉన్నవేవీ ఎక్కడికీ పోవనీ ధీమాగా చెప్పాడు.

ఆమెకి ఇంకా భయం తీరలేదు. "లైసెన్స్ సంగతి కూడా చూడండి. అది చేసిన కంపెనీ మూతపడింది. తేడా వస్తే అడగడానికి ఎవరూ లేరు." ప్లాస్టిక్ కవర్లోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. "పని మొదలుపెట్టేముందు ఇది చదవండి."

"ఇలాంటివి వంద చూశానండీ" అని అతను దాన్ని సొరుగులో పడేశాడు. నిజానికి కాగితం వంక చూడనేలేదు. ఆమె కనురెప్ప మీద ఆగిన నీటిబొట్టు ఎప్పుడు రాలుతుందా అని చూస్తున్నాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి కంప్యూటర్ రయ్యిమని లేచింది. అతను పెళ్ళికొడుకులా పక్కన నిలబడ్డాడు. ఆమె తన సాఫ్ట్‌వేర్ తెరిచింది. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ఈ లైసెన్స్ ఈ కంప్యూటర్‌కి చెందినది కాదు.

ఇంకోసారి తెరిచింది. మళ్ళీ అదే. అప్పుడు అతని వైపు తిరిగింది.

"పాత సాఫ్ట్‌వేర్ కదండీ, కొత్త బోర్డుకి పడలేదు. మనం చెయ్యగలిగిందేం లేదు." ఆ మాట ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేసింది.

ఆమె పోట్లాడలేదు. పోట్లాడినా బాగుండేది. "పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు" అని పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగాక అతను సొరుగు లాగాడు. కాగితంలో ఉన్నవి నాలుగే లైన్లు. బోర్డు మార్చేముందు, పాత బోర్డు మీదే సాఫ్ట్‌వేర్ తెరిచి లైసెన్స్‌ని విడుదల చెయ్యాలి. అప్పుడొచ్చే నంబరు రాసిపెట్టుకోవాలి. కొత్త బోర్డు బిగించాక ఆ నంబరు కొట్టాలి. ఇలా చెయ్యకపోతే లైసెన్స్ పాత బోర్డుతోనే ఉండిపోతుంది.

అతని చెవులు వేడెక్కాయి. పాత బోర్డు ఎదురుగా అలమారలోనే ఉంది. దాన్ని మళ్ళీ బిగించి పది నిమిషాలు నడిపితే చాలు, అంతా సర్దుకుంటుంది. కానీ ఆ మాట చెప్పాలంటే, కాగితం చదవలేదని ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా గండం గట్టెక్కే దారి ఆలోచించి, మర్నాడు ఉదయమే వాళ్ళ కొట్టుకి వెళ్ళాడు.

చిన్న గది. గోడ పొడుగునా బూట్లు కుట్టడానికి వాడే కొయ్య పాదాలు వరసగా ఉన్నాయి. తోలు వాసన, జిగురు వాసన. వాళ్ళ నాన్న ముక్కుమీది కళ్ళద్దాల పైనుంచి చూసి స్టూలు జరిపాడు.

"ఈయనే నాన్నా. పాపం, చెయ్యగలిగిందంతా చేశారు" అందామె.

అతను స్టూలు మీద కూర్చోకుండా నిలబడిపోయాడు. ఎలాగో కూడదీసుకుని, పెట్టె ఇంకొక్కసారి ఇస్తే చూస్తానన్నాడు. మీరే కాదన్నాక ఇంకెవరివల్ల అవుతుంది, అనవసరంగా మీకెందుకు శ్రమ అందామె. తన అబద్ధమే తనకి అడ్డుగోడై కూర్చుంది.

వెనక్కి వెళ్ళిపోవాల్సినవాడు వెళ్ళలేదు. చెప్పులు అరిగి ఆగలేని స్థితిలో ఉన్నవాళ్ళని ఆమె ఒక్కొక్కరినే పిలిపించి మళ్ళీ కొలతలు తీస్తోంది. ఆమె అంకెలు చెబుతుంటే రాసిపెడతానని అతను కూర్చున్నాడు. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అతని ఏడు ఒకటిలా ఉంటుందని ఆమె ఏడిపించేది. "ఇది చూసి కుడితే మనిషి గోడలోకి నడుస్తాడు" అనేది. మూడోనాటికి మీరు పోయి నువ్వు వచ్చింది. ఆమె నవ్విన ప్రతిసారీ అతనికి ఒకపక్క ప్రాణం లేచొచ్చేది. మరోపక్క, ఈ నవ్వు నాది కాదు, ఆ అబద్ధానిది అని తల దించుకునేవాడు.

అయిదో రోజు ఒక బడి టీచరు వచ్చింది. పెద్దావిడ. చిన్నప్పుడు కాలిన పాదం, వేళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కుర్చీలో కూర్చుంది గానీ మేజోడు తియ్యలేదు. అతని వైపు ఒకసారి చూసి, ఆమెతో మెల్లిగా అంది: "ఒక్కసారి చూపిస్తే మళ్ళీ ఎప్పుడూ చూపించక్కర్లేదన్నావు కదమ్మా."

"తప్పయిపోయింది మేడమ్. కొలతలు పోయాయి."

అతను పెన్ను బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాడు. అరుగు మీద నిలబడి రోడ్డు కేసి చూశాడు గానీ అతనికేమీ కనబడలేదు. తను చదవని నాలుగు లైన్ల కోసం లోపల ఆవిడ మేజోడు విప్పుతోంది. టీచరు వెళ్ళేదాకా అక్కడే ఉండి, తర్వాత లోపలికి వచ్చాడు.

"కొలతలు పోలేదు. నేను పోగొట్టాను" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. అతను మొత్తం చెప్పాడు. కాగితం చదవలేదనీ, సాఫ్ట్‌వేర్ మీద నెట్టేశాననీ, ఆ రోజే తెలిసినా నోరు మెదపలేదనీ, పాత బోర్డు తన దగ్గరే ఉందనీ తల ఎత్తకుండా చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న చేతిలో సూది ఆగిపోయింది.

"అయిదు రోజులు" అందామె. "నా పక్కన కూర్చుని రాశారు."

నువ్వు మళ్ళీ మీరైపోయింది. చెంపదెబ్బ కొట్టినా అతనికి అంత తగిలేది కాదు.

ఆ సాయంత్రమే ఆమె పెట్టె తెచ్చింది. పని తన కళ్ళముందే జరగాలంది. కాగితంలో ప్రతి లైనూ పైకి చదివి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యమంది. అతను బడిపిల్లాడిలా చదివాడు. పాత బోర్డు బిగించాడు. ఒకసారి మధ్యలో ఆగిపోయింది. రెండోసారి అతను టేబుల్ ఫ్యాన్ దగ్గరికి లాగి దాని గాలి బోర్డుకే తగిలేలా పట్టుకున్నాడు. నంబరు వచ్చింది. ఆమే రాసుకుంది, అతని ఏడుని నమ్మలేనంది. కొత్త బోర్డు మీద ఆ నంబరు కొట్టగానే మూడువందల పాదాలూ వరసగా తెరమీదికి వచ్చేశాయి.

ఆమె కళ్ళు తుడుచుకుంది. నవ్వలేదు. మళ్ళీ కొలతలకి రప్పించిన పదకొండుమంది అడ్రసులు ఒక కాగితం మీద రాసి అతని చేతిలో పెట్టింది. "వాళ్ళకి నేను అబద్ధం చెప్పినట్టయింది. నిజం మీరు చెప్పండి."

వారం రోజుల్లో అతను పదకొండు గుమ్మాలూ ఎక్కాడు. ఒకాయన తిట్టాడు. ఒకావిడ తలుపు వేసేసింది. టీచరు మాత్రం కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, "నా పిల్లలకి ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను, ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండని" అంది. దానికన్నా ఆ తిట్లే నయమనిపించాయి.

ఎనిమిదో రోజు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నే షాపుకి వచ్చాడు. అతను గబుక్కున లేచి, "రండి, కూర్చోండి" అన్నాడు.

"కొత్తలో నేనూ ఒకావిడకి కొలత తప్పి బూటు కుట్టాను. నీ పాదంలోనే ఉంది తేడా అని దబాయించాను. పాపం నమ్మింది. ఆర్నెల్లు కుంటింది."

"తర్వాత చెప్పారా?"

"మొన్న చెప్పాను. నిన్ను చూసి బుద్ధొచ్చి." పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మా అమ్మాయి వాళ్ళమ్మే ఆవిడ. రెండు రోజులుగా అన్నం నేనే వడ్డించుకుంటున్నాను."

అతనికి నవ్వొచ్చింది, నవ్వచ్చో కూడదో తెలియలేదు. పెద్దాయన అతని కాళ్ళకేసి చూసి, పదకొండు ఇళ్ళు తిరిగి చెప్పులు అరగదీసుకున్నావు, పద అన్నాడు. మీ అమ్మాయి తీసుకురమ్మందా అని అడగడానికి అతనికి మొహం చెల్లలేదు. పెద్దాయనే అన్నాడు: "తీసుకురమ్మనలేదు. ఇంకా రాలేదేమిటని మాత్రం రెండుసార్లు అడిగింది."

కొట్టులో ఆమె నేల మీద తెల్లకాగితం పరిచి, చెప్పులు విప్పి దాని మీద నిలబడమంది. అతను నిలబడ్డాడు. పెన్సిల్ మడమ దగ్గర మొదలైంది.

"ఎడమ పాదం కొంచెం పెద్దది నీకు" అంది, తల ఎత్తకుండా.

మీకు అనకుండా నీకు అన్నందుకు అతని కళ్ళు చెమర్చాయి. "నువ్వంటే నాకిష్టం. వానలో వచ్చిన రోజు నుంచీ. నిన్ను మోసం చేస్తూ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికీ సిగ్గుగానే ఉంది."

పెన్సిల్ చిటికెనవేలి దగ్గర ఆగింది. పక్కగదిలో పెద్దాయన సుత్తి చప్పుడు కూడా ఆగింది.

"కదిలావు. గీత వంకరపోయింది" అందామె. రబ్బరు తీసుకుని చెరిపి, ఈసారి అతని మడమని ఎడంచేత్తో గట్టిగా పట్టుకుని, మొదటినుంచి గియ్యడం మొదలుపెట్టింది.