హెలెన్ చెప్పని పేరు

ఆదివారం పొద్దున ఎలీసమ్మ ఆరాధనకు తయారవుతోంది. నిన్న హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు హెలెన్ వరండాలో ఇడ్లీ తింటోంది. ఆమె సత్తెనపల్లి మార్కెట్ యార్డులో విలేకరిగా మిర్చి ధరలు రాయడంతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ల తర్వాత ఓ దినపత్రికలో వ్యాపార పేజీల ఎడిటర్ అయింది.

ఎలీసమ్మ కొడుకు నతానియేలు పేపరు పట్టుకుని లోపలికొచ్చాడు. అతను మిర్చి నిల్వచేసే ఓ కోల్డ్ స్టోరేజీలో గుమస్తా.

"ఇది నువ్వు రాసిందేనా అక్కా?"

"నేనే రాశాను. పాత మిరపకాయకు నీళ్లు చల్లి, కొత్త సంచుల్లో నింపి అమ్ముతుంటే ఊరుకోమంటావా?"

"నాలుగో గది అని రాశావే. ఆ తాళం నా దగ్గరే ఉంటది. ఇప్పుడే ఓనరు ఫోన్ చేసి రేపట్నుంచి రావద్దన్నాడు. నేనే చెప్పానంట."

హెలెన్ ప్లేటు పక్కన పెట్టింది. "అంకె లేని వార్త వార్తే కాదని మా ఆఫీసు కుర్రాళ్లకు చెప్పీ చెప్పీ, ఆ నాలుగు కొట్టేయడం మరిచిపోయాను. తప్పు నాదేరా."

"నీకు చెప్పిందెవరు?"

"చెప్పను."

"సొంత తమ్ముడిక్కూడానా?"

"ఎవరికీ చెప్పను. నమ్మి చెప్పినవాళ్ల పేరు బయటపెట్టాక ఇక నేనేం ఎడిటర్ని?"

"అయితే నాకు అక్క లేదనుకుంటా. మళ్లీ ఈ గడప తొక్కబాక."

హెలెన్ లేచి బ్యాగు అందుకుంది. తల్లి వైపు చూడలేదు. అలా చూడకపోవడంలోనే ఎలీసమ్మకు సంగతంతా అర్థమైంది. తన చెల్లెలితో ఆమె కూడా ఒకనాడు ఇలాంటి మాట మీదే విడిపోయింది. పదకొండేళ్ల తర్వాత ఆ ముఖాన్ని శవపేటికలోనే చూసింది.

"నేనే చెప్పానురా," అంది ఎలీసమ్మ.

నతానియేలు నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా? నేను అన్నం తింటా గొణుక్కున్న మాటలు దానికెందుకు చెప్పావమ్మా?"

"తిన్నావా, ఒంట్లో బాగుందా అని అడిగాక నాకు మాటలు అయిపోతయ్. అది ఫోను పెట్టేసిద్దేమోనని, ఏదో ఒకటి చెప్తా ఉంటా."

నతానియేలు పేపరు మడిచి, అక్క చేతిలోని బ్యాగు తీసుకుని గోడకు ఆనించాడు.

"ఉండు. నాకు ఇంకో పని చూసిపెట్టిందాకా నువ్వెక్కడికీ పోవద్దు," అన్నాడు విసుగ్గా.

హెలెన్ తల్లి దగ్గరకు వెళ్లింది. ఎలీసమ్మ కళ్లు తడిగా ఉన్నాయి. "అమ్మా, ఇకనుంచి మాటలు లేకపోతే ఊరికే ఫోను పట్టుకుని కూర్చో. నేను పెట్టేయను."