ఎడమ భుజం అర అంగుళం

భార్య పోయాక వీధి వీధంతా దర్జీకి మొహం చాటేసింది. అందులో అనుమానం లేదు.

రోజూలాగే పొద్దున్నే కొట్టు తెరిచాడు. మిషన్ తుడిచి నూనె వేశాడు. వారం రోజులుగా గడప తొక్కిన మనిషి లేడు.

కూతురు కాఫీ తెచ్చింది. "ఇవాళా బోణీ లేదా నాన్నా?"

"విశ్వాసం లేని జనం. నా చేతి చొక్కా తొడుక్కుని నన్ను చూసి తల తిప్పుకుంటారు."

అప్పుడే ఒక ముసలాయన కోటు చేత్తో పట్టుకుని వచ్చాడు. దర్జీ మొహం వెలిగింది. "ఏం ఎడమ భుజం! దారి తప్పి వచ్చావా?"

వచ్చినాయన చిన్నగా దగ్గాడు. "గుండీ ఊడింది. తొందరేం లేదు, మళ్ళీ వస్తాలే," అని కోటుతోనే వెనక్కి తిరిగాడు.

"చూశావా పొగరు!"

"ఆయన పేరేంటి నాన్నా?"

"ఛాతీ ముప్పై తొమ్మిది. ఎడమ భుజం అర అంగుళం దిగుతుంది."

"కొలతలు కాదు, పేరు అడిగాను."

దర్జీ తుడిచిన మిషన్‌నే మళ్ళీ తుడవసాగాడు.

"అమ్మ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ నీకు అన్నం తెచ్చింది ఆయనే. అమ్మను మోసిన నలుగురిలో ఆయనొకడు. నీకింకా ఎడమ భుజమేనా?"

"పేర్లు మీ అమ్మ చూసుకునేది. ఆవిడకి పుట్టుకతో వచ్చిన జ్ఞాపకం. నాకు లేదు."

"పుట్టుకతోనా? ఆ కొలతల పుస్తకం ఎప్పుడైనా తెరిచావా?"

తెరవలేదు. కొలతలన్నీ ఆయనకు నోటికే వచ్చు. రాసుకునేది భార్య. కూతురు పుస్తకం తీసి తండ్రి ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

ప్రతి కొలత పక్కనా పెన్సిలుతో ఒక పేరు. పేరు కింద గుర్తు. 'మాట్లాడే ముందు దగ్గుతాడు. రాత్రిలోపు ఈ పేరు పదిసార్లు అనుకోవాలి.' మధ్యాహ్నాలు గుండీలు కుడుతూ ఆమె పెదవులు కదుపుతుండేది. ఏమిటా గొణుగుడు అని ఆయన కసిరేవాడు. అప్పుడు ఆమె పెదవులు బిగించి, తలలోనే అనుకునేది.

ఆ దగ్గే మనిషి పేజీలో, అడుగున ఇంకో వరుస ఉంది. 'ఇంట్లో ఒక్కడే. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రాగానే పిలవాలి.'

దర్జీ ఆ పేరు పైకి అన్నాడు. నాలుక తిరగలేదు. మళ్ళీ అన్నాడు. పదిసార్లయ్యాక చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

వీధి చివర ముసలాయన ఇంకా మెల్లగా పోతున్నాడు. దర్జీ ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఆయన ఆగాడు. చాలాసేపు వెనక్కి తిరగలేదు.

దర్జీ కోటుతో తిరిగి వచ్చేసరికి కూతురు గుమ్మంలో ఉంది. "పిలిచావా?"

దర్జీ సూదిలోకి దారం ఎక్కించబోయాడు. మూడుసార్లు తప్పింది. కూతురు చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

"పిలిచాను. ఇక ఈ సంగతి నా దగ్గర ఎత్తకు. ఎన్నడూ ఎత్తకు."